సత్తా అంతా క్యాసెట్‌లోనే: ఫామికామ్ మంచీ చెడూ



1990లలో మన ఊళ్ళల్లో వీడియో గేమ్ అంటే ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె, రెండు రిమోట్లు, ఒక తుపాకీ, నెత్తిన గుచ్చే క్యాసెట్. టీవీ వెనకాల యాంటెన్నా తీగ పీకి దీని తీగ పెట్టాలి. బొమ్మ పడేదాకా ఛానల్ తిప్పుతూ వెతకాలి. బొమ్మ పడిందంటే ఇక మారియో, కాంట్రా, బాతుల వేట. వార్తల టైముకి పెద్దవాళ్ళు వచ్చి లేపేదాకా పిల్లలు కదిలేవాళ్ళు కాదు. ఆ పెట్టెల మీద రకరకాల పేర్లుండేవి. లోపల ఉన్నది మాత్రం దాదాపు అన్నిట్లోనూ ఒకే యంత్రానికి నకలు. ఆ అసలు యంత్రం పేరు ఫామికామ్. జపాన్‌లో క్యోటో నగరానికి చెందిన నింటెండో కంపెనీ 1983 జూలై 15న దాన్ని అమ్మకానికి పెట్టింది. అమెరికాకు వెళ్ళాక దానికి నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అని పేరు మారింది. రెండు పేర్లతో కలిపి ఆరు కోట్ల పందొమ్మిది లక్షలకు పైగా యంత్రాలు అమ్ముడుపోయాయి. జపాన్‌లో తయారీ ఆగింది 2003లో. అంటే ఇరవై ఏళ్ళు.

ఇరవై ఏళ్ళు బతికిందంటే అంతా మంచే అయి ఉంటుందని అనుకోకండి. ఫామికామ్‌లో లోపాలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని తెలిసి చేసినవి, డబ్బు మిగల్చడానికి. కొన్ని అమెరికాకు పంపేటప్పుడు కొత్తగా తెచ్చిపెట్టుకున్నవి. అయితే దాన్ని తయారుచేసినవాళ్ళు ఒక్కచోట మాత్రం తలుపు తెరిచి ఉంచారు. అది క్యాసెట్ పెట్టే సందు. యంత్రంలో లేని బలాన్ని ఆ సందులోంచి తెచ్చుకోవచ్చు. ఈ యంత్రం గొప్పతనమంతా అక్కడే ఉందని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

మొదట లోపల ఏముందో చూద్దాం. నింటెండో అప్పటి అధ్యక్షుడు హిరోషి యమావుచి తన ఇంజనీరు మసయుకి ఉయేమురాకి అప్పగించిన పని ఇది: వీధి దుకాణాల్లో నాణెం వేసి ఆడే ఆటలు ఇంట్లో టీవీ మీద ఆడగలగాలి, క్యాసెట్ మార్చి ఆట మార్చగలగాలి, ధర మాత్రం చాలా తక్కువ ఉండాలి. చివరికి ధర 14,800 యెన్ల దగ్గర తేలింది. ఆ ధరలో ఇమడ్చడానికి ప్రతి విడిభాగం దగ్గరా కోత పెట్టారు. ప్రాసెసర్ అప్పటికే పాతబడిన ఎనిమిది బిట్ల 6502కి రూపాంతరం. రికో కంపెనీ తయారుచేసింది. వేగం సెకనుకు పద్దెనిమిది లక్షల టిక్కుల లోపే. పని చేసుకోవడానికి ఇచ్చిన మెమరీ రెండు కిలోబైట్లు. సరిగ్గా 2,048 బైట్లు. నేను ఇప్పుడు చదువుతున్న ఈ ప్రసంగాన్ని ఇవాళ్టి కంప్యూటర్లో దాస్తే మొదటి నిమిషం మాటలతోనే ఆ జాగా నిండిపోతుంది. మారియో ఎక్కడున్నాడు, ఎదురొచ్చే తాబేలు ఎక్కడుంది, ఎన్ని నాణేలు దొరికాయి, టైము ఎంత మిగిలింది, అన్నీ ఆ కాస్త జాగాలోనే గుర్తుంచుకోవాలి.

మరి ఇంత బీద యంత్రం పోటీదారుల్ని ఎలా దాటింది? సరిగ్గా అదే రోజు, 1983 జూలై 15నే, సెగా కంపెనీ కూడా ఎస్‌జి-1000 అనే యంత్రాన్ని 15,000 యెన్లకు విడుదల చేసింది. ధర ఇంచుమించు అంతే. తేడా అంతా తెర మీద. ఇది అర్థం కావాలంటే మన తోలుబొమ్మలాట గుర్తుతెచ్చుకోవాలి. వెనక తెర వేరు, దాని మీద ఆడే బొమ్మలు వేరు. ఈ యంత్రాల్లోనూ అంతే. వెనక దృశ్యాన్ని ఒక పొరగా, కదిలే పాత్రల్ని ఇంకో పొరగా గ్రాఫిక్స్ చిప్ పేరుస్తుంది. సెగా యంత్రంలో వెనక తెరని మెత్తగా జరిపే సౌకర్యం చిప్‌లో లేదు. జరిపితే గళ్ళు గళ్ళుగా ఎగురుతూ జరుగుతుంది. ఒక్కో బొమ్మకి ఒకే రంగు. ఒక అడ్డ గీత మీద నాలుగు బొమ్మలకే చోటు. ఫామికామ్ చిప్ మాత్రం వెనక తెరని ఒక్కొక్క చుక్క చొప్పున జరపగలదు. బొమ్మకి మూడు రంగులు, గీతకి ఎనిమిది బొమ్మలు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో మారియో పరిగెడుతుంటే కొండలూ మబ్బులూ నీళ్ళలా వెనక్కి జారిపోతాయే, అది ఈ ఒక్క సౌకర్యం చలవ.

ఇక రిమోట్. ఎడమ బొటనవేలి కింద కూడిక గుర్తులాంటి మీట. దాన్ని కనిపెట్టింది నింటెండోలోనే పనిచేసిన గున్‌పెయి యొకోయి, 1982లో చేతిలో పట్టుకుని ఆడే ఒక ఆట కోసం. అప్పటిదాకా ఇంటి ఆటలకి ఎక్కువగా నిలువుగా లేచి ఉండే జాయ్‌స్టిక్కే దిక్కు. పిల్లలు దాన్ని నేల మీద వదిలేస్తారు, ఎవరో తొక్కుతారు, విరుగుతుంది అని ఉయేమురా బృందం ఆలోచించింది. బల్లపరుపుగా ఉన్న ఈ మీటనే తీసుకుంది. ఇవాళ అమ్ముడవుతున్న దాదాపు ప్రతి గేమ్ కంట్రోలర్ మీదా ఆ కూడిక గుర్తుకి వారసుడు ఒకడున్నాడు. కానీ ఇక్కడే ఒక కక్కుర్తి కూడా ఉంది. ప్లగ్గు, సాకెట్ ఖర్చు తగ్గించడానికి రెండు రిమోట్ల తీగల్నీ పెట్టెలోకే అతికించేశారు. తీగ తెగితే పెట్టె విప్పాల్సిందే. తీగలు పొట్టివి కూడా. మొదటి విడతలో బటన్లు చతురస్రపు రబ్బరువి, నొక్కితే ఇరుక్కుపోయేవి, తర్వాత గుండ్రటివి పెట్టారు. తొలి నెలల్లో చిప్ లోపంతో ఆటలు స్తంభించిపోతుంటే యంత్రాల్ని వెనక్కి తెప్పించి, లోపలి బోర్డు మార్చి మళ్ళీ అమ్మారు. బొమ్మని టీవీకి పంపడానికి యాంటెన్నా దారి ఒక్కటే ఉంది, విడిగా వీడియో తీగ లేదు. అందుకే తెర మీద ఆ సన్నటి అలలు.

రెండో రిమోట్‌లో చిన్న మైకు ఒకటి పెట్టారు. దాన్ని వాడుకున్న ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. జెల్డా అనే ఆటలో ఒక రాక్షసుణ్ణి మైకులో అరిచి చంపొచ్చు. ముచ్చటైన ఊహ. అంతకు మించి దాని సంగతి చెప్పడానికి ఏమీ లేదు.

తెర మీద అందరికీ కనిపించిన లోపం మిణుకు. గీతకి ఎనిమిది బొమ్మలన్నాను కదా. ఒక్కో బొమ్మ వెడల్పు ఎనిమిది చుక్కలే. మారియో అంత మనిషికి పక్కపక్కన రెండు కావాలి. అంటే ఒకే ఎత్తులో నలుగురు నిలబడితే కోటా అయిపోయింది. ఐదోవాడు వస్తే వాడు కనపడడు. ఊరికే మాయమైపోతాడు. కనపడని శత్రువు చేతిలో చావడం కంటే అన్యాయం ఆటలో ఇంకోటి లేదు. దానికి ప్రోగ్రామర్లు ఒక ఉపాయం పన్నారు. సెకనుకి అరవై సార్లు తెర మారుతుంది కాబట్టి, ప్రతిసారీ బొమ్మల వరస తిప్పేస్తారు. ఈసారి ఒకడు మాయం, మరుసారి ఇంకొకడు. కంటికి అందరూ మిణుకుమిణుకుమంటూ కనిపిస్తారు. కాంట్రాలో ఇద్దరూ కలిసి ఆడుతూ గుళ్ళు కురిపిస్తుంటే తెర కొట్టుకులాడేది గుర్తుందా? యంత్రం పాడైందని మనం అనుకునేవాళ్ళం. అది పాడవడం కాదు. ప్రోగ్రామరు మనకి న్యాయం చేయడానికి పడ్డ పాటు.

శబ్దానికి ఐదు దారులు. రాగానికి రెండు, అడుగు స్వరానికి ఒకటి, డప్పు చప్పుడుకి ఒకటి, రికార్డు చేసిన చిన్న చిన్న ధ్వనులకి ఒకటి. అడుగు స్వరానికి గొంతు పెంచడం తగ్గించడం లేదు, ఉంటే ఉంది, లేకపోతే లేదు. స్వరకర్త కోజి కోందో మారియో పాటని ఈ సరంజామాతోనే కట్టాడు. మారియో ఎగిరినప్పుడు వచ్చే చప్పుడు కోసం రాగం దారుల్లో ఒకదాన్ని ఆ క్షణానికి లాక్కుంటారు. ఎగిరిన ప్రతిసారీ పాటలో ఒక పాయ తెగుతుంది, మళ్ళీ అతుక్కుంటుంది. అయినా పాట నిలబడింది. ఆ బాణీ అంత గట్టిది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం ఆట పరిమాణం 40 కిలోబైట్లు. ప్రోగ్రాము 32, బొమ్మలు 8. యంత్రం మామూలుగా క్యాసెట్ నుంచి చదవగలిగింది కూడా అంతే. జాగా చాలక ఆ ఆటలో మబ్బుకీ పొదకీ ఒకే బొమ్మ వాడారు. తెలుపు వేస్తే మబ్బు, ఆకుపచ్చ వేస్తే పొద. ఫామికామ్ అక్కడితో ఆగిపోయి ఉంటే రెండు మూడేళ్ళలో పాత సామాన్లలోకి చేరేది.

ఆగలేదు. ఎందుకంటే ఈ యంత్రంలో గ్రాఫిక్స్ చిప్ తన బొమ్మల్ని నేరుగా క్యాసెట్లోంచే చదువుకుంటుంది. ప్రాసెసర్ ప్రోగ్రాముని నేరుగా క్యాసెట్లోంచే చదువుకుంటుంది. మధ్యలో అడ్డం ఏమీ లేదు. కాబట్టి క్యాసెట్లోనే ఇంకో చిన్న చిప్ పెట్టి, ఇప్పుడు ఈ పేజీ చూపించు, ఇప్పుడు ఆ పేజీ చూపించు అని తిప్పితే చాలు. యంత్రం తను చూస్తున్నది అదే 32, అదే 8 అనుకుంటుంది. వెనకాల మాత్రం ఎంత పెద్ద ఆటైనా ఉండొచ్చు. 1988లో వచ్చిన మారియో 3 ఇలాగే నడుస్తుంది. 384 కిలోబైట్ల ఆట అది. అందులో మెరిసే ప్రశ్నగుర్తు పెట్టెలు చూశారు కదా, ఆ మెరుపంతా క్యాసెట్లో చిప్ బొమ్మల పేజీలు చకచకా తిప్పడమే. కింద స్కోరు పట్టీ కదలకుండా నిలబడి, పైన లోకం మాత్రం జరిగేలా సరైన గీత దగ్గర ప్రాసెసర్‌ని తట్టి లేపేది కూడా ఆ చిప్పే. 1993లో వచ్చిన కిర్బీస్ అడ్వెంచర్ 768 కిలోబైట్లు. తొలి మారియోకి పందొమ్మిది రెట్లు. పెట్టెలో మాత్రం 1983 నాటి ఆ రెండు కిలోబైట్ల మెమరీ, ఆ పాత ప్రాసెసర్.

జపాన్ యంత్రంలో ఇంకో వెసులుబాటు ఉంది. శబ్దం కూడా క్యాసెట్ మీదుగా పోయి వస్తుంది. కొనామీ కంపెనీ 1989లో అకుమాజో దెన్‌సెత్సు అనే ఆట క్యాసెట్లో సొంత చిప్ పెట్టి మూడు స్వరాల దారుల్ని అదనంగా కలిపింది. విన్నవాళ్ళు అది ఫామికామ్ అంటే నమ్మరు. అమెరికా యంత్రంలో ఆ దారిని క్యాసెట్ సందులోంచి తీసేసి, పెట్టె అడుగున ఎవరూ వాడని ఇంకో సాకెట్‌కి మళ్ళించారు. దాంతో అదే ఆట అక్కడికి క్యాసిల్‌వేనియా 3గా వెళ్ళేటప్పుడు సంగీతాన్ని కుదించాల్సి వచ్చింది. తమ యంత్రంలో ఏది బలమో నింటెండో వాళ్ళే గుర్తించలేదేమో అనిపిస్తుంది నాకు, ఈ మార్పు చూస్తే.

అమెరికా పెట్టె మీద నాకు ఇంకా పెద్ద కోపం ఉంది. 1983లో అక్కడ వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకం ఆటలు గుట్టలు గుట్టలుగా వచ్చిపడి, దుకాణాలవాళ్ళు ఆ పేరెత్తితేనే భయపడే రోజులు. అందుకని నింటెండో 1985లో న్యూయార్క్‌లో అడుగుపెట్టేటప్పుడు దీన్ని వీసీఆర్‌లా కనిపించేలా మార్చింది. క్యాసెట్ ముందు నుంచి లోపలికి తోసి, కిందికి నొక్కాలి. చూడ్డానికి దర్జాగా ఉంటుంది. కానీ లోపల క్యాసెట్ పళ్ళని పట్టుకునే 72 పిన్నుల కనెక్టర్ వాడేకొద్దీ వంగుతుంది, పట్టు సడలుతుంది. దానికి తోడు లాకౌట్ చిప్ ఒకటి పెట్టారు. క్యాసెట్లో ఒకటి, పెట్టెలో ఒకటి, రెండూ మాట్లాడుకుంటూ ఉండాలి. మాట కుదరకపోతే సెకనుకోసారి యంత్రాన్ని మొదటికి తెస్తుంది. ఎర్ర దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, ఆట మొదలవదు. పిల్లలు క్యాసెట్ తీసి ఊదేవాళ్ళు. ఊదితే పనిచేసినట్టు అనిపిస్తుంది. నిజానికి తీసి మళ్ళీ పెట్టడం వల్ల పళ్ళు కొత్తచోట ఆనడమే చాలాసార్లు కారణం. నోటి తడికి రాగి చిలుము పడుతుంది. ఊదొద్దని నింటెండోనే హెచ్చరిక రాసింది. పైనుంచి గుచ్చే జపాన్ పద్ధతిని వదులుకోకుండా ఉంటే ఈ గొడవలో సగం ఉండేదే కాదు. 1993లో మళ్ళీ పైనుంచి గుచ్చే పెట్టె తెచ్చారు. అప్పటికి దాని కాలం అయిపోవచ్చింది.

ఆ లాకౌట్ చిప్ జపాన్ ఫామికామ్‌లో లేదు. మన దాకా ఈ యంత్రం రావడానికి అదొక పెద్ద కారణం. తైవాన్ కంపెనీలు ఫామికామ్ చిప్‌లకి నకళ్ళు తయారుచేశాయి. తాళం లేదు కాబట్టి ఏ క్యాసెటైనా పనిచేస్తుంది. రష్యాలో డెండీ, పోలండ్‌లో పెగాసస్, మన దగ్గర రకరకాల పేర్లు. కంపెనీ హక్కుల దృష్టితో చూస్తే అది దొంగ సరుకే, ఆ మాట దాచక్కర్లేదు. కానీ అసలు యంత్రం కొనే స్తోమతు లేని కోట్లాది ఇళ్ళకి చేరింది ఆ నకలే.

నకలుకి దాని లోపాలు దానికున్నాయి. ఆనాటి జపాన్, అమెరికా టీవీలు సెకనుకి అరవై సార్లు తెర మార్చేవి, మన దగ్గర వాడిన పాల్ అనే పద్ధతి టీవీలు యాభై సార్లు. పాల్‌కి తగ్గట్టు చేసిన పెట్టెల్లో ఆట ఆరో వంతు నెమ్మదిస్తుంది. మనం ఆడిన మారియో చాలాచోట్ల అసలు మారియో కంటే నిదానస్తుడు. చవక పెట్టెల్లో చిప్‌ల మీద నల్లటి జిగురు బొట్టు పోసి ఉంచేవాళ్ళు, అది పోతే బాగుచేసే దారి లేదు. క్యాసెట్ మీద 9999999 ఆటలని అచ్చేసి ఉండేది. లోపల చూస్తే కొన్ని పదుల ఆటలే. మిగతావన్నీ అవే ఆటల్ని వేరే మజిలీ నుంచి మొదలుపెట్టించి, పేరు మార్చి వేసినవి. లెక్కలో అంత పచ్చి అబద్ధం చెప్పిన క్యాసెట్‌ని పిల్లలు అంత ప్రేమగా దాచుకున్నారు. పేరు ఏదైతేనేం, కొత్త ఆట దొరుకుతుందేమోనని జాబితా చివరిదాకా వెళ్ళేవాళ్ళు.

వీటన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఫామికామ్‌కి తనంతట తాను ఏదీ గుర్తుపెట్టుకునే శక్తి లేదు. స్విచ్ ఆపితే అంతా పోతుంది. జపాన్‌లో 1986లో డ్రాగన్ క్వెస్ట్ అనే ఆట వచ్చినప్పుడు పిల్లలు ఇరవై అక్షరాల మంత్రం కాగితం మీద రాసుకునేవాళ్ళు. మర్నాడు అది తప్పులేకుండా కొడితే ఆట ఆగినచోట మొదలవుతుంది. రెండో భాగంలో అది 52 అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం పొరబడితే అంతే సంగతులు. అమెరికాలో 1987లో వచ్చిన జెల్డా బంగారు రంగు క్యాసెట్లో చిన్న బ్యాటరీ పెట్టి ఈ బాధ తీర్చారు. చూశారా, మళ్ళీ క్యాసెట్టే. యంత్రానికి లేని జ్ఞాపకాన్ని అదే మోసుకొచ్చింది. మనకి వచ్చిన చవక క్యాసెట్లలో ఆ బ్యాటరీ ఉండేది కాదు. అందుకే మన తరానికి తెలిసిన ఫామికామ్ అరగంటలో గెలిచే, లేదా చచ్చే ఆటలది. మారియో, కాంట్రా, ట్యాంకుల యుద్ధం. రోజుల తరబడి ఒక లోకంలో తిరిగి, రాత్రి ఆపి, పొద్దున్న అక్కడి నుంచే కొనసాగించే ఫామికామ్ ఇంకొకటి ఉందని మనలో చాలామందికి తెలియనే లేదు. జెల్డా ఆడని బాల్యం గురించి నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కాంట్రాలో ముప్పై ప్రాణాల సంకేతం మాత్రం అందరికీ తెలుసు. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ, ఏ. ఇంటర్నెట్ లేని రోజుల్లో నోటి మాటగానే అది ఊరూరా తిరిగింది. అది పుట్టింది కాంట్రా కోసం కాదు. 1986లో గ్రేడియస్ అనే ఆటని ఫామికామ్‌కి మారుస్తున్న కజుహిసా హషిమోతో ఆట మరీ కష్టంగా ఉందని, పరీక్షించి చూసుకోవడానికి తన కోసం పెట్టుకున్న దొడ్డిదారి.

ఆ తుపాకీ మాటేమిటని మీలో కొందరు అడగొచ్చు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, బాతు ఉన్నచోట తెల్లటి చతురస్రం వెలుగుతుంది. తుపాకీ కొనలో ఉన్న కన్ను ముందు చీకటిని, వెంటనే వెలుగుని చూస్తే దెబ్బ తగిలినట్టు. అందుకే బల్బుకేసి గురిపెట్టి మోసం చేద్దామన్నా కుదరదు, దానికి చీకటి కనపడదు. ఇదంతా పాత గాజు గొట్టం టీవీ గీసే వేగాన్ని నమ్ముకుని చేసిన లెక్క. ఇప్పటి పల్చటి టీవీలు బొమ్మని కాస్త ఆలస్యంగా చూపిస్తాయి. వాటి ముందు ఆ తుపాకీ ఎంత కాల్చినా బాతు పడదు.

ఈ యంత్రానికి ఇప్పటికీ కొత్త ఆటలు రాస్తున్నారంటే ఆశ్చర్యపోతారేమో. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ అనే ఆటని దాని రూపకర్తలు పట్టుబట్టి తొలి మారియో అంత జాగాలోనే, 40 కిలోబైట్లలోనే ఇమిడ్చారు. నలుగురు కలిసి ఆడొచ్చు. నిజమైన క్యాసెట్లో పెట్టి, నిజమైన పెట్టెకి గుచ్చి ఆడొచ్చు.

మీ ఇంట్లో అటక మీద అలాంటి పెట్టె ఉంటే ఒకటి రెండు జాగ్రత్తలు. క్యాసెట్ పళ్ళని ఊదకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచిన దూదిపుల్లతో మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. అడాప్టర్ దొరకలేదని చేతికందింది గుచ్చకండి. జపాన్ ఫామికామ్‌కి పది వోల్టుల డీసీ కావాలి, అదీ ప్లగ్గు మధ్యలో నెగటివ్ ఉన్నది. అమెరికా పెట్టెకి తొమ్మిది వోల్టుల ఏసీ. నకళ్ళలో ఏదైనా ఉండొచ్చు కాబట్టి పెట్టె అడుగున రాసింది చదివాకే కరెంటు ఇవ్వండి. టీవీ ఎవరికీ అక్కర్లేని పాత గాజుదైతే ఇంకా మంచిది.